ఆడమ్స్ కౌంటీలో బార్న్‌ల వెంట ఒక శనివారం
అక్టోబరులో ఒక శనివారం ఖాళీ దొరికితే కెమెరా బ్యాగు కార్లో పడేసి అమెరికాలో ఒహైయో రాష్ట్రానికి దక్షిణాన ఉన్న ఆడమ్స్ కౌంటీకి బయల్దేరాను. అక్కడ పాత బార్న్‌ల (పంటా పశువులూ ఉంచే పెద్ద చెక్క కొట్టాల) గోడల మీద క్విల్ట్ బొమ్మలుంటాయి. క్విల్ట్ అంటే మన అతుకుల బొంతే, కాకపోతే గోడ మీద గుడ్డ ఉండదు, ఎనిమిదడుగుల చదరం చెక్క మీద బొంత డిజైన్‌కి రంగులేసి పైన బిగిస్తారు. డోనా సూ గ్రోవ్స్ అనే ఆవిడ, బొంతలు కుట్టే వాళ్ళమ్మ కోసం తమ పొగాకు బార్న్ మీద ఒకటి వేయిస్తానని ఎప్పుడో అన్న మాట నుంచి ఇదంతా పుట్టింది. 2001లో మొదటిది, ఒహైయో స్టార్ డిజైన్, ఈ కౌంటీలోనే ఎక్కింది, అది కూడా వేరేవాళ్ళ బార్న్ మీద! వాళ్ళమ్మ బార్న్ వంతు తర్వాత వచ్చింది.

జీపీఎస్ ఈ పనికి పనికిరాదు. మనం నిదానంగా పోదామంటే అది హైవే ఎక్కమంటుంది. కట్టేసి గంటకి 30 మైళ్ళ స్పీడులో కొండదారులు పట్టుకున్నాను. వెనక ఎవరైనా వస్తే పక్కకి తప్పుకుని దారివ్వడం, మళ్ళీ కదలడం. ఎర్ర బార్న్‌లు కొన్ని కనిపించాయి (ఆ ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌ది, అంటే తుప్పే, అవిసె నూనెలో కలిపి పూసేవాళ్ళు, చవక), కానీ ఎక్కువ రంగు లేనివే, ఎండకీ వానకీ బూడిదరంగుకి తిరిగిన చెక్క. అన్నీ ప్రైవేటు స్థలాలు కాబట్టి కంచె దాటకుండా రోడ్డు మీంచే జూమ్ లెన్స్‌తో తీశాను. మిట్టమధ్యాహ్నం ఎండకి బొమ్మల్లో తెలుపంతా తేలిపోయి, చూసుకుంటే అన్నీ పోస్టుకార్డుల్లా ఉన్నాయి. నిజం చెప్పాలంటే బోర్ కొట్టింది.

ఇంతలో ఒక బొమ్మ దాటిపోయానని కారు వెనక్కి తిప్పబోతే, గడ్డి కింద కాలువ ఉన్నట్టు తెలీక ముందు టైరు దిగబడింది. టెన్షన్ పడుతూ నిలబడితే, ఎదురుగా పొలంలోంచి ఒక పెద్దాయన ట్రాక్టర్ మీద వచ్చి, గొలుసు వేసి రెండు నిమిషాల్లో బయటికి లాగేశాడు. నా మెడలో కెమెరా చూసి, "లోపల చూస్తారా?" అని తన బార్న్ వైపు తీసుకెళ్ళాడు.

పొగాకు బ్యారన్ అంటే మనకి తెలిసింది కట్టెలు పెట్టి కాల్చేది. ఇక్కడ పండే బర్లీ రకానికి నిప్పుతో పనిలేదు, వారాల తరబడి గాలికే ఆరాలి. అందుకే గోడల్లో నిలువు చెక్కలు కొన్ని తలుపుల్లా తెరుచుకుంటాయి, లోపల కప్పు దాకా అంతస్తులంతస్తులుగా దూలాలు. మొక్కల్ని మొదలుకంటా కోసి, కర్రలకి గుచ్చి, ఆ దూలాల మధ్య తలకిందులుగా వేలాడదీసేవారట. 2004 చట్టంతో పొగాకు కోటాలు (ఎవరెంత అమ్ముకోవచ్చో ప్రభుత్వం పెట్టే పరిమితులు) పోయాక ఆయన సాగు మానేశాడు. గుచ్చే కర్రలు మాత్రం ఇంకా ఒక మూల కట్టలుగా ఉన్నాయి, మిగతా చోటంతా గడ్డిచుట్టలు, ఒక చిల్లుపడ్డ పడవ.

అప్పటికి నాలుగు దాటింది. పడమటి గోడ సందుల్లోంచి ఎండ చారలు చారలుగా నేల మీద పడుతోంది. ఆయన కాలితో గడ్డిని ఒక్క తన్ను తన్నాడు, దుమ్ము లేచి ఆ చారలన్నీ గాల్లో నిలబడ్డాయి! స్టాండ్ కార్లోనే ఉండిపోయింది, తెచ్చేలోపు దుమ్ము దిగిపోతుందని కెమెరాని గుంజకి ఆనించి ఊపిరి బిగబట్టి ఆరేడు తీశాను. రెండు కదిలిపోయాయి, మిగతావి చాలు నాకు.

బయటికొచ్చాక, "మా గోడ మీద బొమ్మ లేదు కదా, ఇక్కడెందుకు ఆగారు?" అన్నాడు. మీ బార్న్ కోసం కాదండీ, వెనక దాటొచ్చిన బొమ్మ కోసం కారు తిప్పుతూ పడ్డానని ఉన్నమాట చెప్పేశాను.

"ఓ, అదా. అది మా బావమరిదిది. బొమ్మ బాగుంటుంది, కప్పే కారుతుంది" అన్నాడు.