కప్ప లూరు జిగురెక్కుతోందా? చేతికున్న దోమల మందు చూడండి

కొర్రమీను ఎర మీదకి ఎగబడే వేళా, చెరువు గట్టున దోమలు లేచే వేళా ఒకటే. మందు రాసుకోక తప్పదు. రాసుకున్న చేత్తోనే కప్ప లూరు, అంటే కప్ప ఆకారపు ప్లాస్టిక్ ఎర, తీసి కట్టేస్తాం. మర్నాడు పెట్టె తెరిస్తే లూరు జిగటగా, రంగు పక్కదానికి అంటుకుని కనిపిస్తుంది. లూరు నాసిరకమని తిట్టుకునే ముందు మందు డబ్బా మీద డీట్ అని ఉందేమో చూడండి.

1946లో అమెరికా సైన్యం కోసం తయారైన డీట్ దోమల్ని గట్టిగానే ఆపుతుంది. కానీ ప్లాస్టిక్‌ని కరిగించే గుణం కూడా దానికుంది. మెత్తటి లూర్లలో చాలావాటికి పీవీసీయే ముడిసరుకు. డీట్ అందులోకి ఇంకి ఉబ్బిస్తుంది, జిగురు తేలుస్తుంది. ఫ్లై లైన్ (తేలికపాటి ఈగ ఎరల్ని విసిరే లావుపాటి దారం) పైపూత కూడా ఎక్కువగా పీవీసీయే. అది మెత్తబడి, తర్వాత పగిలిందంటే లైన్ సరిగా తేలదు, రాడ్ మీది గైడుల్లోంచి (రింగుల్లోంచి) జారదు. చవక పోలరైజ్డ్ కళ్లద్దాలు మసకబారతాయి. రాడ్ మీది వార్నిష్, రీలు మీది పెయింటు కూడా పాడవుతాయి. నూలు, ఉన్ని, నైలాన్‌లకు మాత్రం డీట్ హాని చేయదు. కాబట్టి మామూలు నైలాన్ దారం గురించి బెంగ అక్కర్లేదు. స్పాండెక్స్ అనే సాగే నూలు కలిసిన చేతి తొడుగులు మాత్రం పాడవుతాయి.

సామాను మీద ప్రేమ ఉన్నవాళ్లు వెతకాల్సింది 20 శాతం పికారిడిన్ ఉన్న దోమల మందు. కొన్ని లేబుళ్ల మీద ఇకారిడిన్ అని ఉంటుంది, రెండూ ఒకటే. ప్లాస్టిక్‌ని కరిగించదు, జిడ్డూ వాసనా తక్కువ, కొన్ని గంటలపాటు ఆగుతుంది. మన దుకాణాల్లో తేలిగ్గా దొరికే ఓడోమాస్‌లో ఉండేది డైఇథైల్ బెంజమైడ్. నిర్మాణంలో అది డీట్‌కి దగ్గరి చుట్టం, అందుకే దాన్నీ అదే జాగ్రత్తతో వాడాలి. సిట్రొనెల్లా నూనెలు త్వరగా ఆవిరైపోతాయి, సాయంత్రమంతా కూర్చునేవాళ్లకి చాలవు.

బట్టలకి కొట్టే పెర్మెత్రిన్ సంగతి వేరు. ఒంటికి రాయకూడదు. చేపలకీ రొయ్యలకీ అది విషం. ఆ బట్టల్ని చెరువులో, కాలవలో జాడించొద్దు. భీమవరం, కైకలూరు వైపు రొయ్యల చెరువుల దగ్గర ఈ మాట ఇంకా గట్టిగా గుర్తుంచుకోవాలి.

డీట్ తప్ప వేరేది దొరకకపోతే 20 నుంచి 30 శాతం ఉన్నది చాలు. 50 దాటితే అదనపు లాభం దాదాపు ఉండదు. లూర్లు కట్టి, పెట్టె మూసేశాకే రాసుకోండి. స్ప్రే అయితే సామానుకి దూరంగా, గాలి వాలున నిలబడి కొట్టుకోండి. క్రీము అయితే ముంజేతి వెనక వేసుకుని రెండో ముంజేత్తో పులుముకోండి, అరచేతులకి అంటనివ్వద్దు. అంటితే సబ్బుతో కడగాల్సిందే, ఉత్త నీళ్లకి పోదు. ఎర ముట్టుకునేముందు కూడా అంతే. సన్‌స్క్రీన్ వాడేవాళ్లు ముందు అది రాసి, ఆరాక దీన్ని రాయాలి.

కొత్త మందు కొన్నప్పుడు పాత లూరు ముక్క మీద ఒక చుక్క వేసి, ఒక రోజు గాజు సీసాలో ఉంచండి. ముక్క జిగటగా వేలికి అంటుకుంటే ఆ మందు పెట్టె దగ్గరికి రానివ్వద్దు. ఇప్పటికే మందు తగిలిన లూరుని సబ్బు నీళ్లతో కడిగి, విడిగా ఆరబెట్టండి. పైపూత మెత్తబడిన ఫ్లై లైన్ మాత్రం మళ్లీ బాగుపడదు, ఆ మేరకు కత్తిరించాల్సిందే.