పద్నాలుగో తేదీ గులాబీ

ఫిబ్రవరి వచ్చిందంటే మన కాలేజీలో ప్లాస్టిక్ కప్పు కింద గులాబీలు పెంచే పాలీహౌస్‌కు రెండో తాళం పడేది. హాస్టల్లో ఆ వారమంతా మూడు జట్లు. ఏడో తేదీ రోజ్ డేతో మొదలుపెట్టి ప్రపోజ్, చాక్లెట్, టెడ్డీ, ప్రామిస్, హగ్, కిస్ అంటూ పద్నాలుగున ప్రేమికుల రోజు దాకా వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లది ఒక జట్టు. ఇది మన పండగ కాదు, కార్డులు అమ్ముకునేవాళ్ల పండగ అనేవాళ్లది ఇంకొకటి. ప్రేమకు తేదీ ఏమిటని తప్పుకునేవాళ్లది మూడోది. తెల్లవారుజామున కటింగ్ డ్యూటీకి వెళ్లే ఫైనలియర్ వాళ్లకు మాత్రం ఈ గొడవ పట్టేది కాదు. బకెట్లో కాడలెన్ని, పువ్వు మెడ వాలినవెన్ని అన్నదే వాళ్ల లెక్క.

పువ్వు పెంచేవాడికి జనం ఆ రోజును ఎలా చూస్తారన్నది నేరుగా మండీ ధరలోకి వచ్చి కూర్చుంటుంది. హైదరాబాద్ పక్క చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు పొడుగు కాడతో కోసి అమ్మే డచ్ గులాబీ వేసిన మన జూనియర్లలో ఆ ఒక్క రోజును నమ్ముకుని పంటంతా దానికే మలుపుతున్నవాళ్లున్నారు. అలా చేయొద్దని గట్టిగా చెప్పాలనే ఈ వ్యాసం.

ముందు రోజుల లెక్క చూద్దాం. కొమ్మ కత్తిరించిన దగ్గర్నుంచి పువ్వు కోతకు రావడానికి మన చలికాలంలో 45 నుంచి 50 రోజులు పడుతుంది. మబ్బు పట్టి చలి ముదిరితే 55 కూడా దాటుతుంది. హైదరాబాద్ పూల మార్కెట్ గుడిమల్కాపూర్‌లో పద్నాలుగో తేదీ సరుకు 11, 12, 13 తేదీల్లో అమ్ముడుపోవాలి. అంటే కోత 10 నుంచి 12 మధ్య జరగాలి, కత్తిరింపు డిసెంబరు 22, 24 మధ్య పడాలి. రోజ్ డే సరుకుకు ఒక వారం ముందే కత్తెర పట్టాలి. బెంగళూరు, హోసూరు వాళ్లు ఎగుమతి చేస్తారు, వాళ్ల పెట్టెలు జనవరి చివరి వారం నుంచే విమానం ఎక్కాలి. అందుకే వాళ్లు డిసెంబరు మొదటి వారంలోనే కత్తిరిస్తారు. ఆ తేదీలు చూసి ఇక్కడ మనమూ అప్పుడే కత్తిరిస్తే పువ్వు సంక్రాంతి దాటగానే విచ్చుకుంటుంది. అప్పుడు దాన్ని అడిగేవాడుండడు.

అన్ని బెడ్లూ ఒకే రోజు కత్తిరించడం ఇంకా పెద్ద తప్పు. చదరపు మీటరుకు ఆరేడు మొక్కల చొప్పున ఎకరా పాలీహౌస్‌లో ఇరవై నాలుగు వేల నుంచి ఇరవై ఎనిమిది వేల మొక్కలుంటాయి. అవన్నీ మూడు రోజుల్లో మొగ్గ తొడిగితే కోసే చేతులూ చాలవు, కోల్డ్ రూమ్ కూడా చాలదు. బెడ్లను మూడు నాలుగు భాగాలు చేసి మూడేసి రోజుల ఎడంతో కత్తిరించండి. వాతావరణం రెండు మూడు రోజులు అటూ ఇటూ చేసినా ఏదో ఒక భాగం సరిగ్గా అందుతుంది.

చెడేవి కూడా ఈ యాభై రోజుల్లోనే చెడతాయి. రాత్రి వేడి 15 డిగ్రీల కిందికి పోతే ఎదుగుదల మందగిస్తుంది. ఇంకా దిగితే కొమ్మ చివర మొగ్గ లేకుండా మొండిగా ఆగిపోతుంది. దాన్నే గుడ్డి కొమ్మ అంటాం. ఎర్ర రకాల్లో చలికి రేకు అంచు నల్లబడుతుంది, అలాంటి పువ్వును ఆ రోజు ఎవరూ ముట్టుకోరు. చలికి భయపడి సాయంత్రం పక్క తెరలన్నీ మూసేస్తే లోపల తేమ పేరుకుని ఆకు తడుస్తుంది, బూజు తెగులు పట్టుకుంటుంది. రెండు రోజుల్లో ఆకు రాలి కాడలు నగ్నంగా నిలబడతాయి. అందుకే తెరలు మూసినా పైన గాలి పోయే దారి కాస్త వదలాలి, నీళ్లు పొద్దున్నే పెట్టాలి. తామర పురుగు చేరితే రేకు అంచులు గోధుమ రంగుకు తిరుగుతాయి. మొగ్గ బఠాణీ గింజంత ఉన్నప్పుడు పక్క మొగ్గలు గిల్లేసి, మిగిలిన దానికి నైలాన్ వల తొడుగు వేస్తే మొగ్గ పొడుగ్గా బలుస్తుంది, విచ్చుకోవడమూ కాస్త ఆలస్యమవుతుంది. తొడుగు వేసే కూలి ఖర్చు పద్నాలుగో తేదీ సరుకు మీదే తిరిగి వస్తుంది, మిగతా రోజుల్లో రాదు.

కోసిన కాడ నిమిషాల్లో నీళ్లలో పడాలి. కోల్డ్ రూమ్‌లో 2 నుంచి 4 డిగ్రీల దగ్గర కనీసం నాలుగు గంటలుంచాకే గ్రేడింగ్. 20 కాడలకు ఒక కట్ట. ధర పెరుగుతుందని ఎనిమిదో తేదీ కోసింది పదమూడో తేదీ దాకా దాచేవాళ్లున్నారు. దాచిన పువ్వు రేకు మీద బూడిద రంగు మచ్చ లేచి, కొన్నవాడి చేతిలో మర్నాటికే మెడ వాలుస్తుంది. ఆ రైతు పేరు మండీలో ఏడాది పొడుగునా చెడిపోతుంది.

ఇంత కష్టపడ్డాక ఆ రోజు ఎవరు కొంటారో, ఎవరు కొననివ్వరో చూడాలి. మన దగ్గర ఈ రోజు 1991 తర్వాత టీవీ చానళ్లతో, గ్రీటింగ్ కార్డులతో పుంజుకుంది. విచిత్రం ఏమిటంటే ఎవరి పేరున ఈ రోజు నడుస్తోందో ఆ వాలెంటైన్ పండగను రోమన్ కేథలిక్ చర్చి 1969లోనే తన సార్వత్రిక పంచాంగం నుంచి తీసేసింది. అంటే మతం వదిలేసిన తేదీని అంగడి పట్టుకుంది. ఈ మాట వరకు వ్యతిరేకించేవాళ్లతో పూర్తిగా ఏకీభవిస్తాను.

కానీ ప్రేమకు పండగ చేసుకోవడం పరాయి సంగతి అంటే ఒప్పుకోలేను. కొండవీటి కుమారగిరి రెడ్డి ఏటా వసంతోత్సవం చేసి కర్పూరం వెదజల్లించినందుకే కర్పూర వసంతరాయలు అనిపించుకున్నాడు. తెలంగాణ పల్లెల్లో కాముని పున్నమి ఇప్పటికీ ఉంది. మన్మథుణ్ణి కాల్చేది, ఆ మర్నాడే రంగులు చల్లుకునేదీ మన ఊళ్లే. జంటగా ఒక పువ్వు కొనివ్వడం మాత్రమే కొత్తగా వచ్చింది.

వ్యతిరేకతలో రకాలున్నాయి. 2007లో ఆ రోజునే తల్లిదండ్రుల పూజా దినంగా జరపాలని ఒక ఆశ్రమం మొదలుపెట్టింది, తర్వాత ఛత్తీస్‌గఢ్ బడుల్లో ప్రభుత్వమే దాన్ని జరిపించింది. 2023లో కేంద్ర జంతు సంక్షేమ బోర్డు ఆ రోజు ఆవును కౌగిలించుకోమని పిలుపిచ్చి, ఫిబ్రవరి 10న వెనక్కి తీసుకుంది. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయాక, ఆ తేదీని సంతాప దినంగా పాటిద్దామనేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల బాధలో నిజముంది. తల్లిదండ్రులకు దండం పెట్టడంలోనూ తప్పు పట్టేదేమీ లేదు. పార్కుల్లో జంటలను పట్టుకుని అక్కడే తాళి కట్టించబోయేవాళ్లు, దుకాణం ముందు కార్డులు తగలబెట్టేవాళ్లు వేరు. వాళ్లను ఏ సంస్కృతి పేరు చెప్పినా సమర్థించలేం. ఆడపిల్లను భయపెట్టే పనికి మన పూలను సాకు చేసుకోవద్దని పూల రైతులమే ముందు చెప్పాలి.

ఈ భయం అంగట్లోకి ఎలా దిగుతుందో గమనించండి. గొడవ జరుగుతుందన్న మాట వినపడిన ఏడాది, రోడ్డు పక్క పూల కొట్టువాడు నూరు కట్టలు తీసుకునే చోట నలభైకి ఆగిపోతాడు, అవీ మధ్యాహ్నానికే సర్దేస్తాడు. పద్నాలుగు ఆదివారం పడితే కాలేజీలుండవు. ఇంటర్ ప్రాక్టికల్స్ ఆ వారంలోనే నడిస్తే పిల్లలు బయటికి రారు. పదిహేనో తేదీ పొద్దున్నే ఎర్ర గులాబీని అడిగేవాడుండడు.

పెళ్లిళ్లకు ఈ బెడద లేదు. ప్రేమికుల రోజును తిట్టే ఇంట్లోనూ మాఘమాసంలో పెళ్లి మండపానికి డచ్ గులాబీలే కావాలి. 2024 ఫిబ్రవరి 14నే చూడండి. ఆ రోజే శ్రీపంచమి, ఆ రోజే భస్మ బుధవారం. కేథలిక్కులకు ఉపవాసం, పంచాంగం చూసుకునేవాళ్లకు అక్షరాభ్యాసాలకూ పెళ్లిళ్లకూ మంచి రోజు, కుర్రకారుకు ప్రేమికుల రోజు. ఒకే కోతలో ఇటు ఎరుపుకూ అటు తెలుపుకూ పసుపుకూ గిరాకీ దొరికే తేదీ అది. డెకరేషన్ వాళ్లకు 40 సెంటీమీటర్ల కాడ చాలు, పువ్వు కాస్త విచ్చుకున్నా పరవాలేదు, కట్టలు వందల్లో తీసుకుంటారు. ప్రేమికుడికి మాత్రం 60 దాటిన కాడ, బిగువైన మొగ్గ, ఎరుపే కావాలి, అదీ ఒక్కటే.

అందుకని నా సలహా ఇది. ఎరుపు రకం, తాజ్‌మహల్ లాంటిది, మూడో వంతు మించకుండా వేయండి. మిగతాది తెలుపు, పసుపు, లేత గులాబీ రంగుల్లో ఉంచండి. డిసెంబరులో కత్తెర పట్టేముందు మాఘ ముహూర్తాలు చూడండి. శుక్ర మౌఢ్యమో గురు మౌఢ్యమో ఫిబ్రవరిలో పడిన ఏడాది పెళ్లిళ్లుండవు. అప్పుడు తెలుపు, పసుపు బెడ్ల కత్తిరింపు మౌఢ్యం విడిచే తేదీకి తగ్గట్టు ఆలస్యంగా పెట్టుకోండి. మండీలో కమీషన్ ఏజెంటుతో మాట్లాడేముందు పంచాంగం తిరగేసేవాడు ఈ వ్యాపారంలో నిలబడతాడు.

కొనేవాళ్లకూ ఒక మాట. ఇంటికి తెచ్చాక కాడ చివర రెండు మూడు సెంటీమీటర్లు నీళ్లలో ముంచి ఏటవాలుగా కోయండి. గాలి బుడగ దూరితే నీరు పైకెక్కక మెడ వాలిపోతుంది. నీళ్లలో మునిగే ఆకులు తీసేయండి, రోజూ నీళ్లు మార్చండి.

ఇక పన్నెండో తేదీ కోత కోసేటప్పుడు ఆత్రంలో కాడ పొడుగు కోసం మొదలంటా కోయొద్దు. కింద ఐదేసి రెబ్బలున్న ఆకులు రెండు వదిలి, ఆ పైన కోయండి. ఆ ఆకు మొదట్లో ఉన్న కన్ను నుంచి లేచే కొమ్మ ఎండలు ముదురుతుంటాయి కాబట్టి 42 రోజుల్లోనే కోతకు సిద్ధమవుతుంది. అంటే మార్చి చివరి వారానికి పువ్వు చేతికొస్తుంది. కొన్నేళ్లు ఆ లెక్క ఉగాదికి సరిపోతుంది, కొన్నేళ్లు శ్రీరామనవమి కల్యాణానికి.