మూడు రోజుల మైల

జనవరి 8, గురువారం

పొద్దున జడ వేసుకుని బయల్దేరుతుంటే అత్తయ్యగారు ఫ్రిజ్‌లోంచి పూల పొట్లం తీసి నా చేతిలో పెట్టారు. ఊదారంగు డిసెంబరం పూలు. నిన్న సాయంత్రం తనే తెప్పించారట. "ఇవాళైనా పెట్టుకోమ్మా. నీకు మూడు రోజులతోనే తీరిపోయింది కదా. ముత్తైదువవి, ఇన్నాళ్ళు ఉత్త తలతో తిరక్కూడదు" అన్నారు. కోపంతో అన్న మాట కాదది, నా మీద బెంగతోనే. పొట్లం దేవుడి పటం దగ్గర పెట్టి వచ్చేశాను.

నాన్న పోయి ఇవాళ్టికి 41 రోజులు.

పెళ్ళయిన కూతురికి తండ్రి పోతే మూడు రోజులే మైల. పురోహితుడుగారు ఆ మాట చెప్పేటప్పుడు నేను నాన్న చొక్కాలు మడతపెడుతున్నాను. "గోత్రం మారింది కదమ్మా" అన్నారు. తమ్ముడికి పది రోజులు, ఆపైన ఏడాది పొడుగునా మాసికాలు. వాడు గుండుతో ఆఫీసుకి వెళితే మొదట ఒకరిద్దరు "తిరుపతా?" అని అడిగారట. మీసం కూడా లేదని గమనించాక ఇంకెవరూ అడగలేదట. తండ్రి ఉండగా మీసం తీయకూడదని మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. తర్వాత ఒక్కొక్కరే వాడి సీటు దగ్గరికి వచ్చి పలకరించి వెళ్ళారట.

నేను పదమూడో రోజు అయ్యాక వచ్చి బ్యాంకులో కౌంటర్ దగ్గర కూర్చున్నాను. అదే బొట్టు, అవే గాజులు, అవే నల్లపూసలు. నా ఒంటి మీద ఉన్నవన్నీ మా ఆయన చల్లగా ఉన్నారని చెప్పేవే. నాన్న లేడని చెప్పేది ఒక్కటీ లేదు. అందుకే పూలు మానేశాను. శాస్త్రంలో ఉందా లేదా అని ఎవర్నీ అడగలేదు. నా చిన్నప్పుడు నాన్న డ్యూటీ నుంచి వస్తూ ఆకుపొట్లంలో రెండు మూరలు తెచ్చేవాడు, అమ్మకొకటి, నాకొకటి. పూలు నాకు ముందు నాన్న ఇచ్చినవి. మానేది కూడా ఆయన కోసమే.

పదకొండున్నరకి ఒక కుర్రాడు వచ్చాడు, ఇరవై రెండేళ్ళుంటాయేమో. గుండు మీద గరుకుగా జుట్టు మొలుస్తోంది, మీసం ఉండాల్సిన చోట చర్మం పాలిపోయి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవర్. వాడు నోరు తెరవకముందే క్యూలో ముందున్న పెద్దాయన "నువ్వెళ్ళు బాబూ" అని పక్కకి జరిగాడు. కేవైసీ కోసం పొద్దుట్నుంచి నా మీద అరుస్తున్న మనిషే ఆయన! కవర్లో డెత్ సర్టిఫికెట్, పాస్‌బుక్, ఆధార్ జిరాక్సులు. ఫారం నేనే నింపాను. సంతకం పెట్టమంటే ఎక్కడ పెట్టాలో రెండుసార్లు చూపించాల్సి వచ్చింది. నాకు తెలుసు ఆ స్థితి. ఉండబట్టలేక "మా నాన్నగారు కూడా నవంబర్‌లో పోయారు" అన్నాను.

తలెత్తి చూశాడు. నా బొట్టు వైపు, గాజుల వైపు, మళ్ళీ మొహం వైపు. "అవునా మేడమ్" అన్నాడు. నమ్మినట్టు లేదు. ఓదార్పు కోసం అన్నాననుకున్నాడేమో. వాడు వెళ్ళాక పది నిమిషాలు సిస్టమ్ వైపు చూస్తూ కూర్చున్నాను.

పక్క కౌంటర్ ఆవిడది పాతబస్తీ, దారుల్‌షిఫా. మొహర్రం నెలవంక కనపడిన దగ్గర్నుంచి రెండు నెలల ఎనిమిది రోజులు నల్లబట్టలే వేసుకుంటుంది, గాజులు తీసేస్తుంది. 680లో కర్బలాలో అమరులైన వాళ్ళ కోసం. ఏళ్ళుగా పక్కనే కూర్చుని చూస్తున్నా, ఆ నలుపు మనిషికి ఎంత ఆసరానో నాకు ఇప్పుడే అర్థమైంది. ఆ రోజుల్లో ఆవిణ్ణి ఎవరూ పెళ్ళికి రమ్మనరు, నవ్వమనరు. మధ్యాహ్నం డబ్బాలు విప్పుతుంటే ఎవరో "మేడమ్, పండక్కి ఊరెళ్తున్నారుగా, అరిసెలు తెస్తారా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ వేరే మాట ఎత్తింది. ఈ ఏడు మా పుట్టింట్లో సంక్రాంతి లేదని ఆవిడకి గుర్తుంది.

అమ్మది ఇంకో రకం కష్టం. నాకు గుర్తే లేదు, అమ్మకి బతికినంత కాలం మోయమని గుర్తు. పదో రోజు ముందు రాత్రి ఫోన్లో చూసి పిన్నికి చదివి వినిపించాను. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే ఊళ్ళో 2022లో గ్రామసభ పెట్టి, భర్త పోయిన ఆడవాళ్ళ బొట్టు చెరపడం, గాజులు పగలగొట్టడం, మంగళసూత్రం తీయించడం వద్దని తీర్మానం చేశారని. "అది మహారాష్ట్ర, ఇది తెనాలి" అంది పిన్ని. అమ్మ అంతా విని, గాజులు తనే ఒక్కొక్కటీ తీసి నా చేతికిచ్చింది. మెట్టెలు రాకపోతే సబ్బు రాసుకుంది. పగలగొట్టడం మాత్రం జరగనివ్వలేదు.

మొన్న ఆదివారం వెళ్ళినప్పుడు బీరువా అద్దం అంచున ఒక బొట్టుబిళ్ళ కనపడింది. చిన్నది, మెరూన్ రంగు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టుకుంటోంది. గేటు చప్పుడైతే, పలకరించడానికి ఎవరో వచ్చారని తీసి అద్దానికి అంటిస్తోంది. జిగురు పోయి, దుమ్ము పట్టి, అంచు పైకి లేచింది. ఎన్నిసార్లు తీసిందో, ఎన్నిసార్లు పెట్టుకుందో. చూసినట్టు అమ్మకి చెప్పలేదు.

సాయంత్రం మెట్రో మెట్లు దిగుతుంటే పూలమ్మే ఆవిడ పిలిచింది. "ఏందమ్మా, నెల దాటింది, పూలు తీస్కుంటలేవు. ఇంట్ల ఎవరన్న పోయిన్రా?"

గొంతు పెగల్లేదు. "మా నాన్న" అన్నాను.

దారం కింద పెట్టేసింది. "అయ్యో బిడ్డా, ఎట్లయింది?" అని బుట్ట పక్కకి జరిపి చోటిచ్చింది. ఆ మెట్టు మీదే కూర్చుని అంతా చెప్పాను. తెల్లవారుజామున నీళ్ళు అడగడం, అంబులెన్స్ సందు మొదట్లోనే ఆగిపోవడం, అన్నీ. మధ్యలో ఎవరో చామంతులు అడిగితే "జర ఆగు" అని పంపేసింది. ఈ 41 రోజుల్లో హైదరాబాద్‌లో తనంతట తను అడిగిన మనిషి ఈవిడొక్కతే.

లేచేటప్పుడు వెళ్ళొస్తానని నేను అనలేదు, రమ్మని ఆవిడా అనలేదు.

పక్కనే ఉన్న ఫ్యాన్సీ షాపులో మెరూన్ బొట్టుబిళ్ళలు కొన్నాను, అమ్మ పెట్టుకునే సైజువే. సోమవారం నాన్న త్రైపక్షికం, మూడు పక్షాలకి పెట్టే మాసికం. ఆదివారం బయల్దేరాలి.