సలమాంకాలో 12 వారాలు: స్పానిష్ నాకు తెలుగులోంచి వచ్చింది

యాప్‌లో రెండేళ్లు స్పానిష్ నేర్చుకుని స్పెయిన్‌లోని సలమాంకా వెళ్లాను. 12 వారాల కోర్సు, ఉండటం ఒక స్పానిష్ కుటుంబంతో. 90 రోజుల్లోపే కాబట్టి షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే తక్కువ రోజుల వీసా) సరిపోయింది, అంతకు మించితే స్టూడెంట్ వీసానే కావాలి.

మొదటి రాత్రి తొమ్మిదిన్నరకి భోజనం, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, నిజంగా ఏడుపొచ్చింది.

రెండో వారంలో క్లాసులో "మే గుస్తా" వచ్చింది. పక్కనున్న అమెరికా పిల్లలు "నేను" తో మొదలెట్టి తప్పు చెప్తున్నారు, ఇన్నాళ్లూ నేనూ అదే తప్పు చేశా ఎందుకంటే మనసులో ఇంగ్లిష్‌లోకి మార్చుకుని మాట్లాడేదాన్ని. కానీ మే గుస్తా అంటే అచ్చం మన "నాకు నచ్చింది" కదా! తల నొప్పి కూడా అంతే, మే దుఎలె అంటే నాకు నొప్పిగా ఉంది. "బోయ్" అంటే చాలు, "వెళ్తున్నా" లో లాగా నేను అని విడిగా చెప్పక్కర్లేదు. ట, డ కాకుండా మన త, ద పలికితే చాలు, ఉచ్చారణ సగం కుదిరిపోతుంది. ఆ రోజు నుంచి మనసులో ఇంగ్లిష్‌లోకి మార్చుకోవడం మానేశా.

అన్నిచోట్లా కుదరదులెండి. ఇంగ్లిష్ "be" కి స్పానిష్‌లో సెర్, ఎస్తార్ అని రెండు క్రియలున్నాయి, "ఆయన డాక్టర్" అన్నప్పుడు సెర్, "ఇంట్లో ఉన్నాడు" అన్నప్పుడు ఎస్తార్, ఇక్కడిదాకా మన తెలుగులో "ఉంది, ఉన్నాడు" వస్తే ఎస్తార్, రాకపోతే సెర్ అన్న లెక్క పనిచేస్తుంది, కానీ "పొడుగ్గా ఉన్నాడు" దగ్గర దెబ్బతింటాం, అక్కడ సెర్ రావాలి. ఇది చివరిదాకా తప్పుతూనే ఉన్నా.

అన్నిటికంటే కష్టమైంది మాత్రం గ్రామర్ కాదు. ఇంటావిడకి అరవై దాటాయి, నేను ఉస్తెద్ అనేదాన్ని, అంటే మీరు అని. ఆవిడ మూడోరోజే తూ అనమంది, ఉస్తెద్ అంటుంటే నన్ను దూరం పెడుతున్నట్టుంది అంది. పెద్దావిడని నువ్వు అనడానికి నోరు రాలేదు, రెండు వారాలు అసలు ఆ మాటే రాకుండా వాక్యాలు తిప్పుకుని మాట్లాడా. ఒకరోజు వంటింట్లో ఆవిడ చెయ్యి కాల్చుకుంటే కంగారులో తూ అని వచ్చేసింది. ఆవిడ నవ్వి చల్లనీళ్ల కింద చెయ్యి పెట్టుకుంది. ఆ తర్వాత ఇక ఉస్తెద్ అనలేదు.

సాయంత్రాలు ప్లాసా మయోర్ అనే ఊరి పెద్ద కూడలిలో గడియారం కింద కలుసుకునేవాళ్లం, ఆ ఊళ్లో ఎవర్ని కలవాలన్నా అక్కడే. 1218లో పెట్టిన యూనివర్సిటీ పక్కనే, దాని రాతి గోడ మీద పుర్రెపై కూర్చున్న కప్పని వెతకడం కూడా నాకు స్పానిష్ పాఠమే అయింది, దారినపోయేవాళ్లని అడిగి అడిగి కనిపెట్టా.

వెళ్లేవాళ్లు ఒక్కటి ముందే అడగండి, ఆ ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడే ఇంకో స్టూడెంట్ ఉన్నారా అని. మొదటి నెల నాతో ఒకమ్మాయి ఉండేది, చాలా మంచిది, కానీ క్లాసు అవ్వగానే ఇద్దరం ఇంగ్లిష్‌లోకి వెళ్లిపోయేవాళ్లం. తను వెళ్లిపోయాకే ఆ భోజనాల బల్ల దగ్గర నాకు నోరు తెరుచుకుంది.