ఎల్ ప్రిమెరోను దాచిన అటక

స్విట్జర్లాండ్‌లోని నూషాటెల్‌లో రైలెక్కితే కాసేపటికే సరస్సు కిందికి జారిపోతుంది. షాంబ్రెలియెన్ స్టేషన్‌లో రైలు ఆగి, వచ్చిన వైపు నుంచే మళ్లీ బయలుదేరి కొండ ఎక్కుతుంది. లా షో-ద-ఫోన్ దాటాక వచ్చేదే లె లోక్ల్. ఫ్రాన్స్ సరిహద్దు పక్కన, జూరా కొండల్లోని చిన్న ఊరు. పక్కనున్న లా షో-ద-ఫోన్‌తో కలిపి 2009లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాచీ పనివాళ్ల కోసమే కట్టినట్టుంది ఊరు. వరుసగా వీధులు, ఎటు చూసినా కిటికీలే. ఈ పనికి పెట్టుబడి కంటే ముందు వెలుతురు కావాలి మరి.

నేను వెళ్లింది జెనిత్ వాచీల ఫ్యాక్టరీకి. 1865లో జార్జ్ ఫావ్ర్-జాకో దీన్ని పెట్టేనాటికి ఆయనకు ఇరవై రెండేళ్లు. అప్పట్లో ఒక ఇంట్లో చక్రాలు, ఇంకో ఇంట్లో డయల్ చేసేవారు. ఆ పనులన్నీ ఒకే కప్పు కిందికి తెచ్చాడాయన. గాంధీగారి నడుముకు వేలాడిన జేబు గడియారం కూడా జెనిత్‌దే. అది గుర్తొచ్చి ఆ గుమ్మంలో కాసేపు నిలబడిపోయాను.

కానీ నన్ను అంతదూరం రప్పించింది మాత్రం అటక. ఇరుకు మెట్లెక్కి వెళ్లాలి. పైన చెక్క దూలాలు, పాత నూనె వాసన, అరల నిండా ఇనప పనిముట్లు.

1969 జనవరిలో జెనిత్ ఎల్ ప్రిమెరోను లోకానికి చూపించింది. అది ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్, అంటే చేతి కదలికతోనే కీ తిరిగే, స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీ యంత్రం. లోపల అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం గంటకు 36,000 సార్లు కొట్టుకుంటుంది, అందుకే సెకనులో పదో వంతు దాకా కొలవగలదు. ఇంతలో బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీలు ముంచెత్తాయి. అప్పటికి కంపెనీ షికాగోకు చెందిన జెనిత్ రేడియో చేతిలో ఉంది. 1975లో అక్కడి నుంచి ఆర్డరొచ్చింది: మెకానికల్ వాచీలు ఆపేయండి, యంత్రాలు, పనిముట్లు అమ్మేయండి.

షార్ల్ వెర్మో అనే పనివాడు వద్దని చెప్పి చూశాడు. వినలేదు. పగలు తన పని తాను చేసుకుంటూనే, ఎవరికీ తెలియకుండా ప్రెస్సులు, యంత్రాల కదలికను నడిపించే క్యామ్‌లు, కోత పనిముట్లు ఒక్కొక్కటే ఈ అటక మీదికి చేర్చాడు. నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించింది దాచడం కాదు, రాయడం. ఏ పనిముట్టు దేనికి, ఏది ఎక్కడుంది అన్నీ రాసి పెట్టాడు. ఆ రాతే లేకపోతే ఇదంతా తుక్కు కింద లెక్క. ఉద్యోగం పోతుందన్న టెన్షన్ ఆయనకు ఉండే ఉంటుంది. అయినా ఆ పని మీద ప్రేమే గెలిచింది. స్విస్ వాచీ పరిశ్రమలో ఆ క్వార్ట్జ్ సంక్షోభం వల్ల మూడింట రెండొంతుల ఉద్యోగాలు ఊడిపోయాయి. అంత గాలివానలో ఒక మనిషి ఇలా నిలబడ్డాడు.

1978లో కంపెనీ మళ్లీ స్విస్ చేతికొచ్చింది. 1984లో ఎల్ ప్రిమెరో తయారీ మొదలుపెట్టినప్పుడు పనిముట్లు కొత్తగా చేయించనక్కర్లేకపోయింది, అటక మీంచి దింపితే సరిపోయింది. 1988లో రోలెక్స్ తన డేటోనా వాచీ కోసం ఈ యంత్రాన్నే తీసుకుంది. వేగం గంటకు 28,800 సార్లకు తగ్గించి, భాగాలు చాలావరకు మార్చి 2000 దాకా వాడుకుంది.

వెళ్లాలనుకునేవాళ్లు ముందుగానే బుక్ చేసుకోండి. సాయంత్రం మిగిలితే కొండ మీది షాతో దె మోన్ గడియారాల మ్యూజియం కూడా చూడండి.