ఆ రిపోర్టులో కండరం లేదు

నిరుడు మాఘమాసంలో ఒకరోజు పొద్దున్నే మూత్రం దానిమ్మరసంలా ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు, మంట లేదు. నాకు 59 ఏళ్లు, నెలసరి ఆగి చాలాకాలమైంది. తెనాలిలో మా వీధి చివర క్లినిక్‌లో చూపిస్తే ఇన్ఫెక్షన్ అని ఐదు రోజులకి మాత్రలు రాశారు. ఆగిపోయింది. నెల తిరిగేసరికి మళ్లీ అదే, మళ్లీ మాత్రలే. మూడోసారి యూరిన్ కల్చర్ చేయిస్తే ఏ సూక్ష్మజీవీ పెరగలేదని వచ్చింది. మరి ఇన్ఫెక్షన్ ఎక్కడిదని అడగాలని నాకూ తోచలేదు, వాళ్లూ చెప్పలేదు. అలా నాలుగు నెలలు పోయాయి. నాకొచ్చింది మూత్రసంచి క్యాన్సర్ అనీ, నొప్పి లేకుండా రక్తం పడటమే ఈ జబ్బుకి తరచూ మొదటి గుర్తనీ, ఆడవాళ్లలో దాన్ని ఇన్ఫెక్షన్ కింద జమకట్టి ఆలస్యం చేయడం తరచూ జరిగేదేననీ తర్వాత తెలిసింది. ఆ నాలుగు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

గుంటూరులో స్కానింగ్ తీస్తే మూత్రసంచి గోడకి గడ్డ కనపడింది. నడుముకి మత్తిచ్చి, మూత్రం దారిలోంచే పరికరం పంపి గోకి తీశారు. పొట్ట మీద కోత లేదు, కుట్లు లేవు. ఈ ఆపరేషన్‌ని టీయూఆర్‌బీటీ అంటారు. మూడు రోజులు పైపుతో ఉండి ఇంటికొచ్చాను. పక్క గదిలో పెద్దాయనది కూడా ఇదే ఆపరేషన్. ఆయనది చిన్న గడ్డ. ఆ రోజే మైటోమైసిన్ అనే మందు ఒక్కసారి సంచిలోకి ఎక్కించారు. బయాప్సీలో లో గ్రేడ్, అంటే నెమ్మదిగా పెరిగే రకం అని వచ్చింది, ఇక కెమెరా పరీక్షలకి వస్తుంటే చాలన్నారు. నాదీ అంతేలే అనుకున్నాను.

నా బయాప్సీలో హై గ్రేడ్, అంటే దూకుడుగా పెరిగే రకం అనీ, టీ1, అంటే గోడ పై పొర దాటి కింది పొరలోకి దిగిందనీ ఉంది. అన్నిటికంటే కింద ఒక చిన్న వాక్యం: పంపిన ముక్కల్లో కండరం లేదు. డాక్టరుగారు కాగితం మీద గోడ బొమ్మ గీసి చూపించారు. "మీ ఇంటి గోడ అనుకోండమ్మా. పైన సున్నం, కింద సిమెంటు, లోపల ఇటుక. గడ్డ సున్నం దాటి సిమెంటులోకి దిగింది. ఇటుక దాకా వెళ్లిందో లేదో ఈ ముక్కలు చూసి చెప్పలేం." ఆ ఇటుకే కండరం. అక్కడికి చేరితే గోకడం, సంచిలోకి మందు ఎక్కించడం సరిపోవు. అందుకని నెలా నెలన్నరలోపు అదే చోట మళ్లీ గోకాలన్నారు.

ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. "ఒకసారి తీసేశారుగా, మళ్లీ ఎందుకు కెలకడం" అన్నారు మా ఆయన. మా మరిదిగారైతే ఏకంగా సంచే తీయించెయ్యి వదినా, పీడ పోతుంది అన్నారు. నేను కూడా రెండు వారాలు నానబెట్టాను. హైదరాబాదు నుంచి మా అమ్మాయి వచ్చి, ఆ చివరి వాక్యం మీద వేలుపెట్టి, "ఇది తేలకుండా ఏ నిర్ణయం తీసుకున్నా చీకట్లో తీసుకున్నట్టేనమ్మా" అంది. వెళ్లాను. ఈసారి ముక్కల్లో కండరం వచ్చింది, అది శుభ్రంగా ఉంది. కానీ పాతచోటే హై గ్రేడ్ ముక్క కొంచెం మిగిలి ఉంది! నేను మొండికేసి ఉంటే అది లోపలే ఉండిపోయేది.

అప్పుడు రెండు దారులు ముందుపెట్టారు. ఒకటి, సంచి మొత్తం తీసేయడం. నా విషయంలో గర్భసంచి కూడా తీయాల్సి రావచ్చని, పేగు ముక్కతో దారి చేసి పొట్ట మీద మూత్రం సంచీ తగిలించుకోవాల్సి ఉంటుందని దాచకుండా చెప్పారు. రెండోది బీసీజీ. పసిపిల్లలకి టీబీ రాకుండా వేసే టీకాయే. 1976లో కెనడాలో అల్వారో మొరాలెస్ అనే యూరాలజిస్టు ఈ జబ్బుకి దీన్ని వాడి ఫలితం చూపించారట. బలహీనపరిచిన ఆ క్రిములు సంచి లోపలి పొరని రెచ్చగొడితే, ఒంట్లోని రక్షణ కణాలు అక్కడికి చేరి క్యాన్సర్ కణాల మీద పడతాయి. బీసీజీకి లొంగకపోతే మాత్రం సంచి తీయడం వాయిదా వేయకూడదని ముందే మాట తీసుకున్నారు. ఇచ్చాను.

పూర్వం టీబీ వచ్చిందా, స్టెరాయిడ్లు వాడుతున్నారా అని అడిగి, పుండు మానేదాకా ఆగి మొదలుపెట్టారు. వారానికొకటి, ఆరు వారాలు. ఆ రోజు నీళ్లు తగ్గించి వెళ్లాలి. సన్నటి పైపుతో మందు ఎక్కించి పైపు తీసేస్తారు. రెండు గంటలు బిగబట్టాలి. మొదటి గంట బాగానే ఉంటుంది, ఆఖరి అరగంట గడియారం కదలదు. ఇంటికొచ్చాక ఆరు గంటలపాటు మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ దొడ్లో బ్లీచ్ పోసి, పావుగంట ఆగి నీళ్లు కొట్టాలి. మందులో ఉన్నవి బతికున్న క్రిములు కాబట్టి.

మూడో వారం నుంచి మంట, ఒళ్లునొప్పులు, రాత్రికి కాస్త జ్వరం. మర్నాటికి తగ్గేది. 101 దాటినా, రెండు రోజులు వదలకపోయినా అర్ధరాత్రయినా ఫోన్ చేయమన్నారు, ఆ అవసరం రాలేదు. నాలుగో మోతాదు రోజు మూత్రంలో ఇన్ఫెక్షన్ కనపడి వెనక్కి పంపేశారు. వారం వృథా అయిందని వరండాలో కూర్చుని ఏడ్చాను. ఇన్ఫెక్షన్ ఉండగా ఎక్కిస్తే క్రిములు రక్తంలోకి పోయే ప్రమాదం ఉందని నర్సమ్మ పక్కన కూర్చుని చెప్పింది. ఆ వారం ఆగడమే మంచిదైంది.

మూడు నెలలకి కెమెరా పెట్టి చూశారు. నన్ను కూడా తెర చూడమన్నారు. గడ్డ ఉన్న చోట తెల్లటి మచ్చ, చుట్టూ లేత గులాబీ రంగు. మూత్రంలో కణాల పరీక్ష కూడా బాగానే వచ్చింది. ఆ వెంటనే మళ్లీ వరసగా మూడు వారాలు మందు ఎక్కించారు. ఇలా మూడేళ్లదాకా, మధ్యమధ్య మూడేసి మోతాదులు ఉంటాయి. మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి కెమెరా తప్పదు.

మాఘంలో ఆరో నెల వంతు. ఈసారి మా ఆయనే క్యాలెండర్‌లో ఆ మంగళవారాలకి సున్నాలు చుట్టి, బ్లీచ్ డబ్బా తెచ్చి దొడ్లో పెట్టారు.