ఆది ఉంటే చాలు: నైరోబిలో ఏడుగురికి కుట్టుపని నేర్పిన ఏడాది

తెనాలిలో మా అమ్మ దగ్గర జాకెట్లు కుట్టడం నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక కూడా వరండాలో మిషను వేసుకుని పదిహేనేళ్ళు కుట్టాను. 2021లో మా ఆయన ఉద్యోగం మీద నైరోబి వచ్చేశాం. ఇక్కడ నాకున్నది డిపెండెంట్ పాస్. జీతానికి పని చేయకూడదు. తెలిసినవాళ్ళ జాకెట్లు నాలుగు కుట్టిపెట్టడం, బియషరా స్ట్రీట్‌లో గుడ్డల కొట్ల చుట్టూ తిరగడం, అదే నా కాలక్షేపం.

ఆ కొట్లలోనే ఒక కెన్యా ఆవిడ పరిచయమైంది. నేను వేసుకున్న జాకెట్టు వెనక మెడ చూసి, ఎవరు కుట్టారని అడిగింది. నేనే అన్నాను. కొన్నాళ్ళు టీలు, ఫోన్లు అయ్యాక, 2023 చివర్లో అసలు సంగతి చెప్పింది. ఏడుగురు కుర్రాళ్ళున్నారు, ఎక్కువమంది యుగాండా నుంచి వచ్చారు, కుట్టుపని నేర్పగలవా అని. ఎందుకొచ్చారంటే గొంతు తగ్గించి చెప్పింది. వాళ్ళు గే కుర్రాళ్ళు. ఇంట్లోంచి గెంటేస్తే వచ్చినవాళ్ళు కొందరు, ఊళ్ళో కొడితే పారిపోయి వచ్చినవాళ్ళు కొందరు.

వెంటనే సరేనన్నానని రాస్తే అబద్ధం అవుతుంది. భయమేసింది. మా ఆయన ఉద్యోగం, పిల్ల చదువు, పాస్ రెన్యువల్, అన్నీ కళ్ళముందు తిరిగాయి. కెన్యా శిక్షాస్మృతి 162వ సెక్షన్ కింద ఈ సంబంధాలకి పద్నాలుగేళ్ళ దాకా జైలు రాసి ఉంది. దాన్ని కొట్టేయమని అడిగితే 2019 మే 24న హైకోర్టు కుదరదంది. మన 377వ సెక్షన్ కూడా బ్రిటిష్‌వాళ్ళు నాటిందే, ఇదీ ఆ విత్తనమే. ఇద్దరు పెద్దవాళ్ళు ఇష్టపడి కలిస్తే మనది వర్తించదని 2018లో సుప్రీంకోర్టు తేల్చేసింది, ఇక్కడ అలాగే ఉంది. యుగాండా సంగతి ఇంకా ఘోరం. 2023 మేలో అధ్యక్షుడు ముసెవెని సంతకం పెట్టిన చట్టంలో యావజ్జీవం ఉంది, కొన్నిటికి ఉరి కూడా ఉంది. తెలిసీ తన ఇంట్లో అలాంటివి జరగనిచ్చారని ఇంటివాళ్ళ మీద కూడా కేసు పెట్టొచ్చని ఒక నిబంధన రాశారు. ఆ ఒక్క ముక్కతో ఎంతమంది ఇంటి ఓనర్లు రాత్రికి రాత్రి సామాను బయట పెట్టించారో ఆ కుర్రాళ్ళలో కొందరి నోటే విన్నాను. 2024 ఏప్రిల్‌లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధననీ, ఇంకొన్నిటినీ కొట్టేసి, మిగతా చట్టాన్ని ఉంచేసింది. అప్పటికి మావాళ్ళు సరిహద్దు దాటి చాలా రోజులైంది.

మా ఆయన రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున, "జీతం తీసుకోవద్దు, ఎవరికీ చెప్పొద్దు, వెళ్ళు" అన్నాడు.

ఊరి బయట ఒక పేటలో రెండు గదుల ఇల్లు. పేట పేరు రాయను, పిల్లల పేర్లూ రాయను. పందొమ్మిదేళ్ళ నుంచి ఇరవై ఏడేళ్ళ దాకా ఉన్నారు. ఆరుగురిది యుగాండా, ఒకడిది కెన్యాలోనే పడమటి వైపు పల్లె. అందరిలోకీ పెద్దవాడు కకుమా నుంచి వచ్చాడు. అది ఉత్తరాన తుర్కానా ఎడారిలో, 1992లో పెట్టిన శరణార్థుల శిబిరం. 2021 మార్చిలో అక్కడ ఇలాంటివాళ్ళు పడుకున్న చోట పెట్రోలు బాంబు వేశారు. కాలిన గాయాలతో ఒక కుర్రాడు నెల తిరక్కుండా చనిపోయాడు. ఆ రాత్రి తను ఎక్కడున్నాడో ఈ పెద్దవాడు ఏడాదిలో ఒక్కసారే చెప్పాడు, నేను మళ్ళీ అడగలేదు.

యుగాండావాళ్ళు నన్ను "న్యాబో" అనేవారు. లుగాండాలో అది మనం అమ్మగారూ అన్నట్టు. కెన్యా పిల్లాడు మాత్రం "మామా" అనేవాడు, స్వాహిలీలో అమ్మ అని.

కుట్టుపనే ఎందుకని మొదట్లో నేనూ అడిగాను. అంతకుముందు ఆ ఇంట్లో సెలూన్ పని నేర్పారట. ఇద్దరికి చేయి బాగా తిరిగింది. కానీ సెలూన్‌లో రోజంతా కబుర్లు. ఎవరో ఒకరు గుర్తుపడతారు, వాడి నడక ఇలాగుంది, మాట అలాగుంది అంటారు, వారానికల్లా కొట్టు ముందు జనం. వెల్డింగ్, వడ్రంగం అంటే షెడ్డు కావాలి, నడిరోడ్డు మీద ఉండాలి. అందుకే లోపల కూర్చుని చేసుకునేదీ, లేచిపొమ్మంటే మోసుకుపోగలిగేదీ కావాలన్నారు. లేచిపొమ్మనడం వాళ్ళకి అప్పుడప్పుడూ జరిగేది కాదు, ఏడాదికి రెండు మూడు సార్లు జరిగేది. తొక్కుడు మిషను బల్ల ఎలాగూ రాదు, తల మాత్రం పదీ పన్నెండు కిలోలుంటుంది, గోనెసంచిలో వేసుకోవచ్చు. అందుకని మొదటివారమే మరలు విప్పి తల ఊడదీయడం, మళ్ళీ బిగించడం నేర్పాను. తెనాలిలో ఎవరికీ ఆ పాఠం ముందు చెప్పలేదు. ఇక్కడ అదే మొదటి పాఠం అయింది.

2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టాం. ఏడుగురికి నాలుగు మిషన్లు. దారం ఎక్కించకుండా కాగితం మీద గీతలు గీసి, ఆ గీతల వెంట తొక్కించాను. చక్రం వెనక్కి తిరగకుండా తొక్కడానికే పది రోజులు పట్టింది. గికోంబా మార్కెట్ నుంచి పాత బట్టల మూటలు తెచ్చుకుని, విప్పి, కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూసి, మళ్ళీ కుట్టేవాళ్ళు. నా లెక్కలో ఇంతకంటే మంచి బడి లేదు. అతుకు విప్పినవాడికే అతుకు తెలుస్తుంది. చంక దగ్గర చేయి ఎక్కించడం అందరికీ కష్టమే అయింది, ఒక్క పందొమ్మిదేళ్ళవాడికి తప్ప. వాడు మొదటిసారే ఒక్క ముడత లేకుండా ఎక్కించాడు.

మే నెల వచ్చేసరికి బయటి పని పట్టుకునేంత అయింది, కానీ ఎవరూ కదలరు. కొలత తీయాలంటే మనిషిని ముట్టుకోవాలి. మగవాళ్ళకి ఛాతీ చుట్టుకొలత తీస్తున్నప్పుడు ఎవడైనా "వీడు నన్ను పట్టుకున్నాడు" అని అరిస్తే చాలు, వీధంతా పోగవుతుంది. ఆడవాళ్ళకి తీస్తే వాళ్ళ భర్తలు. పెద్దవాడు చేతిలో టేపు పట్టుకుని అలా నిలబడిపోయాడు. ఆ చేతులు వణకడం చూశాను.

ఇంటికొచ్చి రాత్రంతా ఆలోచించాను. మా అమ్మ ఎప్పుడైనా కొలతలు తీసిందా అని. చాలా తక్కువ. మన దగ్గర ఎవరూ కొలతలు ఇవ్వరు కదా, ఆది జాకెట్టు ఇస్తారు. బాగా పట్టిన పాతది ఒకటి తెచ్చి గుడ్డతో పాటు ఇచ్చేసి పోతారు. దర్జీ ఆ మనిషిని చూడనే అక్కర్లేదు.

మర్నాడు నా ఆది జాకెట్టు పట్టుకెళ్ళి బల్ల మీద పరిచాను. భుజం ఎక్కడ కొలవాలి, చంక లోతు ఎలా పట్టాలి, టక్కుల మొన ఎక్కడ ఆగిందో ఎలా గుర్తుపెట్టాలి, మడిచి కొలిస్తే సగమెంత, దానికి కుట్టుబడి ఎంత కలపాలి, ఇవే మూడు వారాలు. "మీకు సరిపోయే పాత బట్ట ఒకటి తెస్తే చాలు, కొలతలు అక్కర్లేదు" అని చుట్టుపక్కల ఇళ్ళలో ఆ కెన్యా ఆవిడ చెప్పి వచ్చింది. గుడ్డ, పాత బట్ట సంచిలో వచ్చేవి. కుట్టాక సంచి వెళ్ళిపోయేది. మావాళ్ళ మొహం ఎవరూ చూడక్కర్లేదు. సంచి రాగానే వాళ్ళు ముందు అడిగే మాట "ఆది?" అదొక్క తెలుగు మాట ఆ ఇంట్లో అలా నిలిచిపోయింది.

జూన్‌లో పని ఆగిపోయింది. పన్నుల బిల్లు మీద కుర్రకారు రోడ్ల మీదకొచ్చారు, 25న పార్లమెంటు లోపలికే వెళ్ళారు, కాల్పులు జరిగాయి. మంగళ, గురువారాలు మటాటులు, అంటే ఇక్కడి చిన్న బస్సులు, లేవు. దాదాపు మూడు వారాలు నేను ఇంట్లోంచి కదల్లేదు. వాళ్ళే ఆ నాలుగు మిషన్ల మీద స్కూలు నిక్కర్లు కుట్టి ఫోటోలు పంపేవారు.

ఇక్కడ చేతిలో పని ఉంటే చాలదు, కాగితం ఉండాలి. కెన్యాలో జాతీయ పారిశ్రామిక శిక్షణ సంస్థ వృత్తి పరీక్షలు పెడుతుంది. మూడో గ్రేడ్ అడుగు మెట్టు, ఒకటో గ్రేడ్ పైమెట్టు. కొంత రాత, కొంత చేత. ఎక్కడో ఒక శిక్షణ కేంద్రం తరఫున పంపాలి. మొదట అడిగిన కేంద్రంలో ఫారాలు కూడా నింపాం. రెండో రోజు ఎవరో ఏదో చెవిన వేసినట్టున్నారు, మా ఫారాలు మా చేతికే ఇచ్చి, ఇంకెక్కడైనా చూసుకోమన్నారు. కారణం అడిగితే తల తిప్పుకున్నారు. ఆ రోజు మటాటులో ఎవరం మాట్లాడుకోలేదు. ఇంకో కేంద్రం నడిపే పెద్దావిడ మాత్రం ఎవరివాళ్ళని అడగలేదు, కుట్టిన బట్ట తెమ్మంది. పందొమ్మిదేళ్ళవాడు ఎక్కించిన చేతిని తిరగేసి చూసి ఫారాలు తీసుకుంది. ఆవిడకి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

ఏడుగురిలో ఇద్దరి దగ్గర గుర్తింపు కార్డు లేదు, శరణు కోరినట్టు ఇచ్చిన చీటీ ఒక్కటే ఉంది. వాళ్ళు ఆగిపోవాల్సి వచ్చింది. వాళ్ళే మిగతావాళ్ళకి రోజూ పాఠం అప్పజెప్పించారు.

పరీక్షలో అడిగినా అడక్కపోయినా, మనిషికి కొలత తీయడం రాకుండా దర్జీ అనిపించుకోకూడదని నా పట్టుదల. జులై ఆఖర్న ఒకరికొకరు తీసుకోమన్నాను. కెన్యా పిల్లాడు పెద్దవాడి భుజం మీద టేపు పెట్టగానే పెద్దవాడు ఉలిక్కిపడి గోడకి అతుక్కుపోయాడు. పిల్లాడు టేపు కింద పెట్టేసి, ఏమీ అనకుండా వెళ్ళి టీ పెట్టుకొచ్చాడు. తాగాక పెద్దవాడే లేచి వచ్చి వీపు తిప్పి నిలబడ్డాడు. "పదిహేడున్నర" అని పిల్లాడు గట్టిగా చదివాడు. నేను పలక మీద రాశాను.

ఆగస్టులో ఐదుగురు రాశారు, నలుగురు పాసయ్యారు. తప్పినవాడు మా అందరిలో కత్తెర బాగా పట్టేవాడు. చేత బాగానే వచ్చింది, రాతలో ఇంగ్లీషు ప్రశ్నలు అర్థం కాలేదు. డిసెంబరులో మళ్ళీ రాసి గట్టెక్కాడు.

ఈలోపు పందొమ్మిదేళ్ళవాడు నాకొక పాఠం చెప్పాడు. గోమెసి కుడతానన్నాడు. యుగాండా ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకీ చావులకీ కట్టుకునే బట్ట అది. నలుచదరం మెడ, మొనదేలి పైకి లేచిన భుజాలు, మెడకి ఎడమ పక్కన రెండు గుండీలు, నడుం కింద పట్టీ. దాదాపు మన చీరంత గుడ్డ పడుతుంది. 1905 ప్రాంతంలో కంపాలా దగ్గర గయాజాలో ఆడపిల్లల బడి కోసం గోమెస్ అనే గోవా దర్జీ కుట్టిన బట్ట నుంచి ఇది వచ్చిందని చెబుతారు. వాడు ఆ మాట అన్నప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. మన సముద్రం దాటి వచ్చిన ఒక దర్జీ పేరు వాళ్ళ అమ్మల ఒంటి మీద ఉంది.

ఎవరికి కుడతావంటే మా అమ్మకి అన్నాడు. వాళ్ళ నాన్న ఇంట్లోంచి వెళ్ళగొట్టిన రోజు ఆవిడ తలుపు వెనకే నిలబడి ఉందట. ఆది అడిగాను, అలవాటుగా. లేదన్నాడు. వాళ్ళమ్మది ఒక్క గుడ్డ ముక్క కూడా వాడి దగ్గర లేదు. నేనేం మాట్లాడలేకపోయాను. వాడు మాత్రం నా పక్కన వచ్చి నిలబడి, "మా అమ్మ భుజం ఇక్కడికి వస్తుంది" అని తన చెవి కింద చేయి పెట్టి చూపించాడు. "సంచి మోస్తుంది కాబట్టి కుడి భుజం కొంచెం కిందకి ఉంటుంది" అన్నాడు. గోమెసి వదులుగా ఉండే బట్ట, పట్టీతో బిగించుకోవచ్చు, అదొక్కటే ధైర్యం. ఊదారంగు గుడ్డ మీద తొమ్మిది రోజులు కుట్టాడు. భుజం మొనలు నాలుగుసార్లు విప్పాడు. కంపాలా బస్సులో వెళ్ళే ఒక బంధువుల అమ్మాయి చేతికిచ్చి పంపాడు.

2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయం ఆపేసింది. మేం కుట్టుకునే ఆ రెండు గదుల ఇంటి అద్దె కట్టేది చిన్న సంస్థ, దానికి ఇచ్చేది ఇంకో సంస్థ, ఆ పైన ఇంకొకటి. పైన కుళాయి కట్టేస్తే కింద బిందె ఎండిపోయింది. మార్చిలో ఇల్లు ఖాళీ చేశాం. మిషన్ల తలలు నాలుగూ గోనెసంచుల్లో వేసి నలుగురికి ఇచ్చాం. అర్ధగంటలో ఇల్లు ఖాళీ అయిపోయింది. మొదటి పాఠం బాగా వచ్చింది వాళ్ళకి. నేను వంటగదిలోకి వెళ్ళి ఏడ్చాను.

ఇద్దరు కలిసి ఒక గదిలో స్కూలు యూనిఫారాలు కుడుతున్నారు. ఇక్కడ బడులు జనవరిలో మొదలవుతాయి, నవంబరు నుంచి వాళ్ళకి నిద్ర ఉండదు. పెద్దవాడు ఒక దర్జీ కొట్లో కత్తెర పనికి కుదిరాడు, అక్కడ తన సంగతి ఎవరికీ తెలియదు. కార్డు లేని ఇద్దరిలో ఒకడి ఫోన్ పనిచేయడం లేదు. వాడి కోసం ఇంకా వెతుకుతున్నాం.

పందొమ్మిదేళ్ళవాడు మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. ఆ బంధువుల అమ్మాయి కబురు పెట్టిందట. కుడి భుజం దగ్గర జారుతోందని.

"అయితే వేసుకుందన్నమాట" అన్నాను.

"వేసుకుంది, న్యాబో" అన్నాడు. కాసేపు ఇద్దరం ఊరుకున్నాం. తర్వాత ఎంత తగ్గించాలని అడిగాడు. ఈసారి కుట్టేదానికి కుడివైపు ఒక్కటే అరంగుళం లోపలికి పట్టమన్నాను.